శక్తి పొదుపు భవనాల్లో గ్రౌండ్ సోర్స్ హీట్ పంపులు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ హీట్ పంపు వాడుకునేది భూగర్భం నుంచి పైకి వచ్చే వేడేనా?

చాలావరకు కాదు. ఈ యంత్రం బోర్లలో నిలువుగా గానీ నేలలో అడ్డంగా గానీ పాతిన పైపుల వలయంలో (లూపు) ద్రవాన్ని తిప్పి వేడిని తెస్తుంది, కంప్రెసర్ దాన్ని ఇంటికి పనికొచ్చే ఉష్ణోగ్రతకు పెంచుతుంది. భూగర్భం నుంచి పైకి వచ్చే వేడి చదరపు మీటరుకు వాటులో పదో వంతు కూడా ఉండదు. వంద చదరపు మీటర్ల స్థలం మొత్తానికి అది ఒక ఎల్ఈడీ బల్బు వాడే కరెంటుకు మించదు. పైపులు తీసుకునేది ఎండ, వాన, గాలి ఏళ్ల తరబడి నేలకిచ్చిన వేడిని. 10 నుంచి 15 మీటర్ల లోతు దాటితే నేలకు ఋతువుల మార్పు తెలియదు. అక్కడి ఉష్ణోగ్రత ఏడాదంతా ఆ ప్రాంతపు సగటు వార్షిక ఉష్ణోగ్రతకు దగ్గరగా ఉంటుంది. ఇంకా కిందికి వెళ్తే ప్రతి 100 మీటర్లకు సుమారు 3 డిగ్రీలు పెరుగుతుంది.

ఈ సంగతి మొదటే చెప్పడానికి కారణం ఉంది. నేల తరగని ఊట కాదు, నిల్వ. ఎంత తీస్తున్నాం, అది తిరిగి ఎంత త్వరగా నిండుతుంది అన్న లెక్క తప్పితే ఎంత మంచి యంత్రం పెట్టినా ఫలితం ఉండదు. కింది జవాబుల్లో చాలా వాటికి ఇదే మూలం.

ఒక యూనిట్ కరెంటుకు ఎంత వేడి వస్తుంది?

బాగా డిజైన్ చేసిన ఇంట్లో నాలుగు యూనిట్ల దాకా వస్తుంది. అందులో మూడు నేలవి, ఒకటి కరెంటుది. ఈ నిష్పత్తినే సీఓపీ అంటారు. అది యంత్రానికి పుట్టుకతో వచ్చే గుణం కాదు. నేల నుంచి వచ్చే ద్రవానికీ, ఇంట్లోకి పంపే నీళ్లకూ మధ్య తేడా పెరిగేకొద్దీ కంప్రెసర్ కష్టం పెరుగుతుంది. ద్రవం 0 డిగ్రీల దగ్గర లోపలికి వస్తూ, ఇంటికి 35 డిగ్రీల నీళ్లు పంపితే మంచి యంత్రం సీఓపీ 4.5 దగ్గర ఉంటుంది. అదే యంత్రాన్ని 55 డిగ్రీల నీళ్లు ఇవ్వమంటే 3 చుట్టూ పడిపోతుంది. పంపే నీళ్ల ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ తగ్గిస్తే రెండు శాతానికి పైగా కరెంటు మిగులుతుంది.

బ్రోచర్‌లో ఉండేది ప్రయోగశాలలో కొలిచిన అంకె. మీకు కావాల్సింది ఏడాది మొత్తం సగటు. అందులో లూపు పంపు, వేడినీళ్ల తయారీ, అదనపు హీటర్ తిన్న కరెంటు కూడా కలవాలి. ఉదాహరణకు 5 కిలోవాట్ల వేడి ఇచ్చే యంత్రపు కంప్రెసర్ 1.2 కిలోవాట్లు తీసుకుంటే సీఓపీ 4.2. దానికి 200 వాట్ల సర్క్యులేషన్ పంపు తగిలిస్తే అది 3.6కి దిగుతుంది. పంపు ఎంపికను చిన్న విషయంగా వదిలేయకూడదు.

ఇల్లు ఎలాగూ తక్కువ శక్తితో నడుస్తుంది కదా, దానికి ఇంత ఖరీదైన ఏర్పాటు అవసరమా?

ఒంటరి ఇంటికి చాలాసార్లు అవసరం లేదు. అతి తక్కువ శక్తితో నడిచే ఇళ్లకు పెట్టిన పాసివ్ హౌస్ ప్రమాణంలో వేడి చేయడానికి ఏడాదికి చదరపు మీటరుకు 15 యూనిట్లు దాటకూడదు, లేదా గరిష్ఠ లోడు, అంటే అతి చలి సమయంలో కావాల్సిన వేడి, చదరపు మీటరుకు 10 వాట్లు దాటకూడదు. 150 చదరపు మీటర్ల ఇల్లు తీసుకోండి. గరిష్ఠ లోడు 1.5 కిలోవాట్లు, ఏడాదికి కావాల్సిన వేడి 2250 యూనిట్లు. సీఓపీ 4 ఉన్న గ్రౌండ్ సోర్స్ పంపు దీనికి సుమారు 560 యూనిట్ల కరెంటు తింటుంది. గాలి నుంచి వేడి తీసుకునే పంపు సగటు 3 అనుకుంటే 750 తింటుంది. ఏడాదికి మిగిలేది 190 యూనిట్లు. అంత మాత్రానికి బోరు వేయించమని మేం చెప్పం.

పైగా అలాంటి ఇంట్లో అసలు ఖర్చు గదుల వేడికి కాదు, స్నానాల నీళ్లకు. నలుగురు మనుషులు, మనిషికి 40 లీటర్ల వేడినీళ్లు, 45 డిగ్రీల పెరుగుదల అనుకుంటే రోజుకు 8.4 యూనిట్లు, ఏడాదికి 3000 యూనిట్లు దాటుతుంది. గదులకు కావాల్సిన దానికంటే ఇది ఎక్కువ.

ఇక ఇది నిజంగా కలిసొచ్చేది అపార్ట్‌మెంట్లు, ఆఫీసులు, బడులు, ఆసుపత్రుల వంటి చోట్ల. శీతాకాలంలో వేడి, వేసవిలో చల్లదనం రెండూ కావాల్సిన భవనాలకు, గాలి ఉష్ణోగ్రత మైనస్ 15 కిందికి పోయే ప్రాంతాలకు, బయట ఫ్యాన్ శబ్దం పనికిరాని స్థలాలకు కూడా ఇది తగిన ఎంపిక.

వరస ముఖ్యం. ముందు ఇన్సులేషన్, కిటికీలు, గాలి చొరబడే సందులు సరిచేయండి, ఆ తర్వాతే బోరు. సీఓపీ 4 దగ్గర, మీటరుకు 40 వాట్లు ఇచ్చే నేలలో, తగ్గించిన ప్రతి కిలోవాట్ లోడుకూ దాదాపు 19 మీటర్ల బోరు తగ్గుతుంది. ముందు బోరు వేసి తర్వాత ఇన్సులేషన్ చేయిస్తే ఆ మీటర్ల డబ్బు నేలలో పోసినట్టే, యంత్రం కూడా అవసరానికి మించి పెద్దదై కూర్చుంటుంది.

యంత్రం సైజు ఎలా తేల్చాలి? కాస్త పెద్దది తీసుకుంటే మంచిదే కదా?

మంచిది కాదు. చదరపు మీటరుకు ఇన్ని వాట్లు అనే గుడ్డి లెక్క వదిలేసి, గది గదికీ వేడి నష్టం లెక్క కట్టించండి. పెద్ద యంత్రం కొద్ది నిమిషాలు నడిచి ఆగిపోతుంది, మళ్లీ మొదలవుతుంది. గంటకు మూడుసార్లకు మించి స్టార్ట్ అవుతుంటే కంప్రెసర్ ఆయువు తగ్గుతుంది, సీఓపీ కూడా పడిపోతుంది. వేగం మార్చుకునే ఇన్వర్టర్ రకం యంత్రమైతే గరిష్ఠ సామర్థ్యం కంటే కనిష్ఠ సామర్థ్యం ఎంతో ముందు అడగండి. 3 కిలోవాట్ల కిందికి దిగని యంత్రాన్ని 1.5 కిలోవాట్ల ఇంటికి పెడితే అది ఎప్పుడూ ఆగుతూ సాగుతూనే ఉంటుంది. అప్పుడు కిలోవాట్‌కు 20 నుంచి 30 లీటర్ల బఫర్ ట్యాంకు, అంటే వేడి నీళ్లను నిల్వ ఉంచే తొట్టి, కొంత ఆదుకుంటుంది. అయితే అది తప్పు సైజును దిద్దలేదు.

మరీ చిన్నది తీసుకుంటే అదనపు హీటర్‌గా ఉండే కరెంటు రాడ్డు తరచుగా అందుకుంటుంది, బోరుకు కూడా ఊపిరి తీసుకునే సమయం దొరకదు. ఒకే వేగంతో నడిచే యంత్రాన్ని గరిష్ఠ లోడులో 60, 70 శాతానికి పెట్టి, అతి చలి రోజులకు మాత్రం రాడ్డు వాడుకోవడం చలి దేశాల్లో మామూలే. ఏడాది అవసరంలో 90 శాతానికి పైగా యంత్రమే తీరుస్తుంది. కానీ అలా చేసినప్పుడు పంపు నడిచే గంటలు పెరుగుతాయి. బోరు పొడవు ఆ గంటల ప్రకారమే లెక్కించాలి.

బోరు ఎన్ని మీటర్లు కావాలి?

ముందుగా నేల ఎంత ఇవ్వాలో చూడాలి. 6 కిలోవాట్ల లోడు, సీఓపీ 4 అయితే కంప్రెసర్ నుంచి 1.5 వస్తుంది, నేల నుంచి 4.5 రావాలి. నేల మీటరుకు 40 వాట్లు ఇస్తుందంటే 4500ను 40తో భాగించండి: 112 మీటర్లు.

ఆ 40 ఎక్కడిది అన్నదే అసలు ప్రశ్న. జర్మనీ వీడీఐ 4640 మార్గదర్శకం పాత ప్రతిలో, ఏడాదికి 2400 గంటలు నడిచే చిన్న ఏర్పాట్లకు, పొడి ఇసుక, కంకరలో మీటరుకు 20 వాట్లు, నీళ్లు పట్టిన నేలలో లేదా మామూలు రాతిలో 50, వేడిని బాగా ప్రసరించే గట్టి రాతిలో 70 అని ఉండేది. అవి 30 కిలోవాట్లలోపు, వేడికి మాత్రమే వాడే వాటికి వర్తిస్తాయి. ఒకే స్థలంలో పై 30 మీటర్లు పొడి ఇసుక, కింద తడి రాయి ఉండొచ్చు. కాబట్టి పొరలవారీగా కలిపి సగటు కట్టాలి. బోర్ల మధ్య కనీసం 6 మీటర్ల ఎడం ఉంచండి, లేకుంటే ఒకదాని వేడిని మరొకటి లాగేసుకుంటుంది.

ఒక చిక్కు చాలామందికి తట్టదు: యంత్రం ఎంత మంచిదైతే బోరు అంత పొడవు ఉండాలి. పై లెక్కలో సీఓపీ 3 అయితే నేల 4 కిలోవాట్లే ఇస్తే చాలు, 5 అయితే 4.8 ఇవ్వాలి. పాత యంత్రం తీసేసి అదే బోరుకు కొత్త యంత్రం తగిలించినప్పుడు లూపు మునుపటికంటే చల్లబడటానికి కారణం ఇదే. యంత్రం మార్చేముందు పాత బోరు పొడవు వెతికి పట్టుకోండి.

నేలను పరీక్షించడం తప్పనిసరా?

ఒక ఇంటికి, ఒకటి రెండు బోర్లకు, దగ్గర్లోని బోర్ల మట్టి వివరాలు చాలు. 30 కిలోవాట్లు దాటితే థర్మల్ రెస్పాన్స్ టెస్టు చేయించండి. మొదటి బోరు వేసి, పైపుల చుట్టూ నింపే గ్రౌట్ మిశ్రమం గట్టిపడేందుకు కనీసం ఐదు రోజులు ఆగాలి. ముందు హీటర్ వేయకుండా నీళ్లు తిప్పి నేల సహజ ఉష్ణోగ్రత తెలుసుకుంటారు. తర్వాత మీటరుకు 50 నుంచి 80 వాట్ల చొప్పున నిలకడగా వేడి పంపుతూ 48 నుంచి 72 గంటలు ఉష్ణోగ్రత నమోదు చేస్తారు. మొదటి పది పన్నెండు గంటల అంకెలు గ్రౌట్ గురించే చెప్తాయి కాబట్టి వాటిని పక్కన పెడతారు. మధ్యలో కరెంటు పోతే ఆ పరీక్ష చెడినట్టే. వెంటనే మళ్లీ మొదలుపెట్టకూడదు, నేల తిరిగి తన ఉష్ణోగ్రతకు వచ్చేదాకా ఆగాలి. వచ్చిన ప్రసరణ విలువతో సాఫ్ట్‌వేర్‌లో 25 నుంచి 50 ఏళ్లు నడిపి చూస్తారు.

బోరు పనిలో తప్పులు ఎక్కడ జరుగుతాయి?

ఎక్కువగా గ్రౌటింగ్ దగ్గర. పైపులు దించాక మిగిలిన ఖాళీని అడుగు నుంచి పైకి, సన్నని గొట్టం ద్వారా పంపుతో నింపాలి. పైనుంచి గుమ్మరిస్తే మధ్యలో గాలి చిక్కుకుంటుంది, ఆ మీటర్లన్నీ పనికిరావు. వేర్వేరు లోతుల్లోని జలాలు ఒకదాంట్లోకి ఒకటి పారకుండా ఆపేది కూడా ఈ గ్రౌటే. అందుకే తవ్విన మట్టితో పూడ్చడం ఎక్కడా ఒప్పుకోదగినది కాదు.

మామూలు బెంటోనైట్ సిమెంట్ మిశ్రమం ఉష్ణవాహకత 0.7, 0.8 దగ్గర ఉంటే, సిలికా ఇసుకో గ్రాఫైటో కలిపినది 1.5 నుంచి 2 దాకా ఉంటుంది. దీని ఫలితం బోరు ఉష్ణ నిరోధంలో కనిపిస్తుంది. నిరోధం 0.10 ఉంటే, మీటరుకు 40 వాట్లు లాగేటప్పుడు నేలకూ ద్రవానికీ మధ్య 4 డిగ్రీలు పోతాయి. 0.15 ఉంటే 6 డిగ్రీలు పోతాయి. ఆ రెండు డిగ్రీల నష్టం యంత్రం బతికినంతకాలం బిల్లులో కనిపిస్తుంది.

పైపు పీఈ 100 (ఒక రకం గట్టి పాలిథీన్), ఎస్‌డీఆర్ 11 రకం (గోడ మందం వ్యాసంలో 11వ వంతు), 32 లేదా 40 మిల్లీమీటర్లది వాడతారు. అడుగున ఉండే యూ వంపు ఫ్యాక్టరీలో వెల్డ్ చేసి, పరీక్షించి వచ్చినదే కావాలి. భూమిలో పాతిపెట్టే ఏ అతుకూ మర బిగింపుది కాకూడదు, కరిగించి అతికే ఫ్యూజన్ వెల్డింగే చేయాలి. గ్రౌట్ నీళ్లకంటే బరువు కాబట్టి, గ్రౌటింగ్ సమయంలో పైపులు నీళ్లతో నిండి మూసి ఉండాలి. ఖాళీగా ఉంటే లోతులో నొక్కుకుపోతాయి. దించే ముందు ఒకసారి, గ్రౌటింగ్ అయ్యాక ఒకసారి ప్రెషర్ టెస్టు చేసి, ఆ అంకెలు రాయించుకోండి.

భూగర్భ పొరలు తెలియకుండా తవ్వితే ఏమవుతుందో జర్మనీలోని స్టాఫెన్ పట్టణం చూపించింది. 2007లో టౌన్ హాల్ కోసం సుమారు 140 మీటర్ల బోర్లు వేశారు. అవి పీడనంలో ఉన్న భూగర్భ జలానికి అన్‌హైడ్రైట్ పొరలోకి దారిచ్చాయి. అన్‌హైడ్రైట్ నీళ్లు తాగి జిప్సంగా మారితే ఘనపరిమాణం దాదాపు 60 శాతం పెరుగుతుంది. నేల పైకి ఉబ్బింది, రెండొందలకు పైగా ఇళ్లు బీటలు వారాయి. జిప్సం పొరలు, సున్నపురాతి గుహలు, పొంగే జలాలు ఉన్నచోట భూగర్భ శాస్త్రవేత్త అభిప్రాయం లేకుండా డ్రిల్లింగ్ మొదలుపెట్టొద్దు.

బోరు బదులు స్థలంలో అడ్డంగా పైపులు పరచొచ్చా?

స్థలముంటే పరచొచ్చు. లోతు 1.2 నుంచి 1.5 మీటర్లు, పైపుల మధ్య ఎడం అర మీటరు నుంచి 80 సెంటీమీటర్లు. పొడి ఇసుక నేల చదరపు మీటరుకు 10 వాట్లు కూడా కష్టం మీద ఇస్తుంది, తేమ ఉన్న బంకమట్టి 20 నుంచి 30 ఇస్తుంది. మరీ లోతుగా వేస్తే వేసవిలో నేల తిరిగి వేడెక్కదు. పైన కాంక్రీటు వేయకండి, షెడ్డు కట్టకండి. వాన, ఎండ తగలకపోతే ఆ నేల తిరిగి నిండదు. పూడ్చేటప్పుడు పైపు చుట్టూ రాళ్లు లేని మట్టి లేదా ఇసుక వేసి గట్టిగా దిమ్మిస చేయాలి. గాలి సందులు మిగిలితే వేడి అందదు.

బావి నీళ్లు నేరుగా వాడితే?

దొరికితే సీఓపీ బాగుంటుంది. గంటకు ఒక ఘనపు మీటరు నీళ్లను 4 డిగ్రీలు చల్లారిస్తే 4.6 కిలోవాట్లు వస్తాయి. నీళ్లను మరో బావిలోకి, ప్రవాహం దిగువ వైపు వదలాలి. ఇనుము, మాంగనీసు ఉన్న నీళ్లకు గాలి తగిలితే తిరిగి వదిలే బావి కొన్నేళ్లలో పూడుకుపోతుంది. ముందు నీటి పరీక్ష, పంపింగ్ టెస్టు, అనుమతి. ఈ మూడూ లేకుండా ఈ దారి పట్టొద్దు.

లూపులో ఏం నింపాలి, గాలి ఎలా తీయాలి?

ద్రవం గడ్డకట్టే అవకాశమున్న చోట 25 నుంచి 30 శాతం గ్లైకాల్ కలిపిన నీళ్లు నింపాలి. దాంతో మైనస్ 12, 15 దాకా రక్షణ ఉంటుంది. ఎక్కువ కలిపితే ఇంకా భద్రమని అనుకోకండి. ద్రవం చిక్కబడి పైపులో నెమ్మదిగా పొరలుగా జారుతుంది, గోడ నుంచి వేడి అందుకోదు, పంపు ఖర్చు పెరుగుతుంది. మరీ తక్కువైతే తుప్పు నిరోధకం పలచబడి సూక్ష్మజీవులు పెరుగుతాయి. మిశ్రమాన్ని బయట డ్రమ్ములో కలిపి నింపాలి. పైపులో విడివిడిగా పోస్తే సరిగా కలవదు, నీళ్లు మిగిలినచోట హీట్ ఎక్స్ఛేంజర్ గడ్డకట్టి పగులుతుంది.

పరిమాణం ముందే లెక్కేసుకోవచ్చు. 32 మిల్లీమీటర్ల ఎస్‌డీఆర్ 11 పైపులో మీటరుకు 0.54 లీటర్లు పడతాయి. 112 మీటర్ల బోరులో డబుల్ యూ అంటే నాలుగు పైపులు, మొత్తం 448 మీటర్లు, 242 లీటర్లు. బోరు నుంచి ఇంటిదాకా ఉన్న పైపులవి దీనికి అదనం.

గాలి తీయడానికి తెరిచి ఉన్న ట్యాంకు, గట్టి పంపు కావాలి. ఒక్కో లూపును విడిగా, కనీసం సెకనుకు 0.6 మీటర్ల వేగంతో కడగాలి. ఈ పైపుకు అది నిమిషానికి సుమారు 20 లీటర్లు. అన్ని లూపులూ ఒకేసారి తెరిస్తే నీళ్లు తేలిక దారి చూసుకుంటాయి, ఒక లూపులో గాలి అలాగే నిలిచి ఆ బోరు మొత్తం నిద్రపోతుంది.

ఏళ్లు గడిచేకొద్దీ నేల చల్లబడిపోదా?

ఒంటరి బోరుకు భయం లేదు. స్విట్జర్లాండ్‌లోని ఎల్గ్‌లో 1986లో వేసిన 105 మీటర్ల బోరును చాలా ఏళ్లు కొలిచారు. మొదటి కొన్నేళ్లు ఉష్ణోగ్రత తగ్గి, సుమారు ఒకటి రెండు డిగ్రీల కింద నిలకడపడింది.

బోర్లు గుంపుగా ఉన్నప్పుడు కథ వేరు. పదికి పది చొప్పున వంద బోర్లు వేస్తే అంచున ఉండేవి 36 మాత్రమే. లోపలి 64 బోర్లకు నాలుగు పక్కలా తమలాంటివే ఉంటాయి, కొత్త వేడి వచ్చే దారి లేదు. ఏటా వేడి తీయడమే తప్ప తిరిగి ఇవ్వకపోతే పదిహేనేళ్ల తర్వాత ఆ నేల మైనస్‌లోకి జారొచ్చు. అందుకే వేసవిలో గదుల వేడిని, సోలార్ ప్యానెళ్ల వేడిని, లేదా వెంటిలేషన్‌లో బయటికి పోయే గాలి వేడిని లూపులోకి పంపి నేలను మళ్లీ నింపాలి. మంచి ఇన్సులేషన్ ఉన్న ఆఫీసుకు ఇది సులువు. ఇన్సులేషన్ శీతాకాలపు అవసరాన్ని బాగా తగ్గిస్తుంది, మనుషులు, కంప్యూటర్లు ఇచ్చే వేడి మాత్రం అలాగే ఉంటుంది. ఇవ్వడం, తీసుకోవడం దాదాపు సమానమవుతాయి.

వేసవిలో చల్లదనం ఇస్తుందా?

నేల 10 నుంచి 14 డిగ్రీలు ఉన్న ప్రాంతాల్లో కంప్రెసర్ లేకుండానే ఇస్తుంది. లూపు ద్రవాన్ని హీట్ ఎక్స్ఛేంజర్ ద్వారా గదుల గచ్చులోని పైపులకు పంపితే సర్క్యులేషన్ పంపుల కరెంటు మాత్రమే ఖర్చు. తేమను కనిపెట్టే సెన్సర్ తప్పక ఉండాలి. గచ్చు ఉష్ణోగ్రత గాలి డ్యూ పాయింట్ (తేమ నీటి బొట్లుగా మారే ఉష్ణోగ్రత) కిందికి దిగితే నీళ్లు పడతాయి, చెక్క ఉబ్బుతుంది. ఈ పద్ధతి గాలిలో తేమను తీయదు.

సగటు ఉష్ణోగ్రత 27 డిగ్రీలుండే వేడి ప్రాంతంలో 15 మీటర్ల లోతున నేల కూడా దాదాపు అంతే ఉంటుంది. అక్కడ కంప్రెసర్ నడవాల్సిందే. 10 కిలోవాట్ల చల్లదనానికి, ఈఈఆర్ (ఒక యూనిట్ కరెంటుకు వచ్చే చల్లదనం) 4 దగ్గర, నేలలోకి 12.5 కిలోవాట్లు పోతాయి. కంప్రెసర్ వేడి కూడా అందులో కలుస్తుంది కాబట్టి. శీతాకాలంలో దాన్ని తిరిగి తీసుకునేవారు లేరు. కొన్నేళ్లలో లూపు బయటి గాలికంటే వేడెక్కి లాభం పోతుంది. అలాంటి చోట బోర్లను మూల లోడుకే కట్టి, మిగతా వేడిని కూలింగ్ టవర్‌కు గానీ వేడినీళ్ల ట్యాంకుకు గానీ పంపడం సరైన దారి.

వేడి నీళ్లతో గదిని వెచ్చబరిచే పాత రేడియేటర్లు ఉంచొచ్చా?

అతి చలి రోజున 45 డిగ్రీల నీళ్లతో గది వెచ్చబడుతుందేమో ఒక శీతాకాలం బాయిలర్ ఉష్ణోగ్రత తగ్గించి చూడండి. ఇన్సులేషన్ చేశాక చాలా గదులు ఈ పరీక్ష గెలుస్తాయి. గెలవని గదుల్లో మాత్రం పెద్ద రేడియేటర్ పెట్టించండి. కొత్త కట్టడమైతే 30 నుంచి 35 డిగ్రీలతో నడిచే ఫ్లోర్ హీటింగే.

కొత్త ఇంట్లో మొదటి శీతాకాలం జాగ్రత్తలేమైనా ఉన్నాయా?

ఉన్నాయి. గచ్చు, గోడలు ఆరడానికి హీట్ పంపును ఎడతెరిపి లేకుండా నడిపితే బోరు తన లెక్కకు మించి వేడిని కోల్పోతుంది. బోరు చుట్టూ నేల గడ్డకడితే గ్రౌట్ దెబ్బతింటుంది. ఆరబెట్టడానికి అద్దె హీటర్లు వాడండి.

బిల్లు అనుకున్నదానికంటే ఎక్కువ వస్తోంది. ఏం చూడాలి?

మొదట కరెంటు రాడ్డు మీటరు. 6 కిలోవాట్ల రాడ్డు ఎవరికీ తెలియకుండా ఆన్‌లో ఉండిపోవడం మాకు అన్నిటికంటే ఎక్కువగా కనిపించే కారణం. తర్వాత హీటింగ్ కర్వ్, అంటే బయటి చలిని బట్టి పంపే నీళ్ల ఉష్ణోగ్రతను నిర్ణయించే సెట్టింగు. గదుల థర్మోస్టాట్లు చాలావరకు మూసుకుని ఉంటే నీళ్లు అవసరానికి మించి వేడిగా పంపుతున్నారని అర్థం. థర్మోస్టాట్లన్నీ తెరిచి, గదులు చాలినంత వెచ్చగా ఉండే కనిష్ఠ స్థాయికి కర్వ్‌ను రోజుకు కొంచెం చొప్పున దించండి. వేడినీళ్ల ట్యాంకు రోజంతా 60 డిగ్రీల్లో ఉందేమో చూడండి. లెజియోనెల్లా అనే బ్యాక్టీరియా నివారణకు 60 డిగ్రీలు కావాలి, అయితే చిన్న ఇంట్లో అది వారానికోసారి వేడి చేసే పద్ధతిలో చేయొచ్చా అన్నది మీ ప్రాంతపు నిబంధనల ప్రకారం తేల్చుకోండి.

ఆ తర్వాత లూపు. వచ్చే, పోయే ద్రవాల మధ్య తేడా 3, 4 డిగ్రీలుండాలి. 5 దాటితే ప్రవాహం తక్కువ: ఫిల్టర్ జల్లెడ మూసుకుపోయి ఉంటుంది, గాలి చేరి ఉంటుంది, లేదా పంపు వేగం తక్కువ పెట్టి ఉంటుంది. 2 కంటే తక్కువైతే పంపు వృథాగా పరుగెడుతోంది. తేడా సరిగ్గా ఉండి, వచ్చే ద్రవమే ఏటికేడాది చల్లబడుతుంటే బోరు పొడవు చాలలేదు, లేదా ఇల్లు లెక్కకు మించి వేడి అడుగుతోంది. తక్కువ పీడనం అనే ఎర్రర్ చూపించి యంత్రం ఆగిపోతుంటే వెంటనే గ్యాస్ నింపించకండి, ముందు జల్లెడ కడగండి.

లూపు పీడనం మొదటి కొన్ని వారాలు తగ్గడం సహజం. ప్లాస్టిక్ పైపు కొంచెం సాగుతుంది, కరిగి ఉన్న గాలి బయటికొస్తుంది. ఒకటి రెండుసార్లు నింపితే చాలు. ఆ తర్వాతా తగ్గుతుంటే లీకు ఉంది. ప్రతిసారీ ఉత్త నీళ్లు పోస్తే గ్లైకాల్ పలచబడుతుంది, కాబట్టి ఏడాదికోసారి దాని శాతం చూపే రిఫ్రాక్టోమీటర్‌తో కొలవండి.

ఏ రిఫ్రిజరెంట్ ఉన్నది కొనాలి?

రిఫ్రిజరెంట్ అంటే యంత్రం లోపల తిరుగుతూ వేడిని మోసే పదార్థం. వాతావరణాన్ని వేడెక్కించే ప్రభావంలో కార్బన్ డయాక్సైడ్‌ను 1 అనుకుంటే ఆర్-410ఏ విలువ 2088, ఆర్-32ది 675, ప్రొపేన్ అంటే ఆర్-290ది 3 చుట్టూ. ప్రొపేన్ మండే గుణం ఉన్నది కాబట్టి ఇంటి లోపల పెట్టే యంత్రంలో ఎంత పరిమాణం ఉందో, వెంటిలేషన్ ఏర్పాటు ఏమిటో అడగండి. ఆ షరతులు తీరితే మా ఓటు దానికే.

ఎంతకాలం పనిచేస్తుంది? పని పూర్తయ్యాక ఏ కాగితాలు తీసుకోవాలి?

యంత్రం 20 నుంచి 25 ఏళ్లు, నేలలోని పైపు 50 ఏళ్లకు పైన. అంటే ఒక బోరు కనీసం రెండు యంత్రాలను చూస్తుంది. రెండో యంత్రం పెట్టేవారికి మీరు అందించాల్సినవి: శాశ్వత గుర్తుల నుంచి కొలతలతో బోర్ల స్థానాల పటం, ఒక్కో బోరు లోతు, తగిలిన మట్టి పొరలు, పైపు రకం, గ్రౌట్ పేరు, వాడిన పరిమాణం, ప్రెషర్ టెస్టు ఫలితాలు, గ్లైకాల్ రకం, శాతం, ఒక్కో లూపు ప్రవాహం. గ్రౌట్ పరిమాణం బోరు ఖాళీ ఘనపరిమాణం కంటే తక్కువుంటే ఎక్కడో నిండలేదని అర్థం. చివరి చెల్లింపుకు ముందే ఆ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి.